డెల్టా తేమలో ఓఎల్‌ఈడీ: సామర్థ్యం పెంచే పని, నెలవారీ డైరీ

పని ఇదీ: గాజు పలక మీద పాలిమర్ పొర పూసి పసుపుపచ్చగా వెలిగే ఓఎల్‌ఈడీ (కరెంటు పారితే వెలిగే పల్చటి కర్బన పదార్థపు దీపం) తయారుచెయ్యడం, ఆ తర్వాత అదే కరెంటుకి ఇంకా ఎక్కువ వెలుగు రాబట్టడం. ల్యాబు భీమవరం, నరసాపురం మధ్య, పంట కాలువ గట్టుకి దగ్గర్లో ఉంది. సముద్రం దూరం కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే. పుస్తకాల్లోని పద్ధతులన్నీ పొడి గదులని, ఖరీదైన గ్లోవ్ బాక్సులని (గాలి చొరకుండా మూసి, గోడకి బిగించిన గ్లవుజుల్లో చేతులు పెట్టి పనిచేసే పెట్టెలు) దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇక్కడ ఏ మెట్టుని ఎలా మార్చుకోవాల్సి వచ్చిందో, ఎందుకు మార్చాలో ఈ డైరీలో రాస్తున్నాం.

మార్చి: లెక్క, ఎంపిక

లోపలికి పోయిన ప్రతి వంద ఎలక్ట్రాన్లకి ఎన్ని ఫోటాన్లు బయటికొచ్చాయన్నదే బాహ్య క్వాంటం సామర్థ్యం. నాలుగు సంఖ్యలని గుణిస్తే అది వస్తుంది. ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ధనావేశంలా కదులుతాయి) ఎంత సమతూకంగా కలుస్తున్నాయన్నది మొదటిది. కలిసిన జంటల్లో వెలుగివ్వగల వాటి వాటా రెండోది. అలా వెలుగివ్వగల జంటల్లో నిజంగా కాంతిగా మారేవి ఎన్నన్నది మూడోది. పుట్టిన కాంతిలో గాజు దాటి గాలిలోకి వచ్చే భాగం నాలుగోది.

మేము వాడుతున్న సూపర్ ఎల్లో అనే పాలిమర్ ఫ్లోరోసెంట్ రకం. ఎలక్ట్రాన్, హోల్ జంటలు రెండు రకాలు: నాలుగో వంతు సింగ్లెట్లు, మిగతా ముప్పాతిక ట్రిప్లెట్లు. ఫ్లోరోసెంట్ పదార్థంలో ట్రిప్లెట్లు మామూలుగా వెలగవు. పొరగా ఉన్నప్పుడు ఈ పాలిమర్ కాంతి దిగుబడి సుమారు 0.6. బయటికొచ్చే వాటా 0.2 అనుకుందాం. సమతూకం పరిపూర్ణంగా కుదిరినా 0.25ని 0.6తో, 0.2తో గుణిస్తే 0.03, అంటే 3 శాతం. ట్రిప్లెట్లు రెండేసి ఢీకొని సింగ్లెట్లుగా మారడం వల్ల కొన్ని పరికరాలు ఈ గీత దాటుతాయి. అయినా మా పనికి 3 శాతాన్నే కొలబద్దగా పెట్టుకున్నాం. 1987లో కోడాక్ సంస్థలో టాంగ్, వాన్‌స్లైక్ చేసిన తొలి రెండు పొరల పరికరం 10 వోల్టుల లోపే వెలిగింది, దాని సామర్థ్యం సుమారు 1 శాతం. కాలేజీ ల్యాబు ముందు దాన్ని అందుకోవడం సబబైన గురి.

నిర్మాణం ఎంచుకునేటప్పుడు వాతావరణాన్నే లెక్కలోకి తీసుకున్నాం. మామూలు పద్ధతిలో కింద ఐటీఓ (గాజు మీద ఉండే, కరెంటు పారే పారదర్శక ఆక్సైడ్ పూత), దాని మీద పెడాట్-పీఎస్ఎస్ (హోల్స్‌ని లోపలికి పంపే పాలిమర్), ఆపైన పాలిమర్, అన్నిటికీ పైన కాల్షియమో బేరియమో. పాలిమర్‌లోకి ఎలక్ట్రాన్ ఎక్కాల్సిన మెట్టు సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంటే అల్యూమినియం 4.2 దాపున ఉంది. ఈ ఎడం పూడ్చడానికే కాల్షియం లాంటి లోహం కావాలి. మన గాలిలో కాల్షియం పూత నిమిషాల్లోనే తెల్లగా, పారదర్శకంగా మారిపోతుంది. పెడాట్-పీఎస్ఎస్ ఆమ్ల గుణం ఉన్నది. పైగా తేమ పీల్చి ఐటీఓని తినేస్తుంది. అందుకే తలకిందుల నిర్మాణానికి వెళ్ళాం: కింద ఐటీఓ, జింక్ ఆక్సైడ్, పీఈఐఈ (ఎలక్ట్రాన్లు తేలిగ్గా దాటేలా చేసే పల్చటి పాలిమర్ పూత), పాలిమర్, పైన మాలిబ్డినం ఆక్సైడ్, వెండి. ఎలక్ట్రాన్లు కింద నుంచి, హోల్స్ పైనుంచి వస్తాయి. గాలికి తట్టుకోలేని లోహం ఇందులో ఒక్కటీ లేదు. గ్లోవ్ బాక్సు కొనే స్తోమతు లేని కోస్తా ల్యాబులన్నీ దీంతోనే మొదలుపెట్టడం మంచిదని మా గట్టి అభిప్రాయం.

ఏప్రిల్: పలకలు, నీళ్ళు

పలకలు 25 మిల్లీమీటర్ల చదరాలు, మందం 1.1 మిల్లీమీటర్లు, ఐటీఓ నిరోధం చదరానికి 15 ఓములు. మధ్యలో 3 మిల్లీమీటర్ల ఐటీఓ పట్టీ ఉంచుకుని మిగతాది కరిగించెయ్యాలి. పట్టీ మీద కేప్టాన్ టేపు అంటించి, అంచుని గోటితో గట్టిగా నొక్కాలి. మిగతా చోట జింకు పొడి పల్చగా చల్లి, సగానికి సగం నీళ్ళు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలుగా వెయ్యాలి. ఆమ్లాన్నే నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళని ఆమ్లంలో కాదు. బుస్సుమని పొంగుతుంది, కాబట్టి ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనో (ఆవిర్లని బయటికి లాగేసే అర) ఆరుబయటో చెయ్యాలి. ఒకటి రెండు నిమిషాలు చాలు. కడిగి మల్టీమీటరు పెడితే టేపు లేని చోట అనంతం చూపాలి, పట్టీ మీద ఓముల్లో ఉండాలి. టేపు అంచు సరిగా అంటకపోతే ఆమ్లం కిందికి పాకి పట్టీ అంచు రంపప్పళ్ళలా తయారవుతుంది. వంద నానోమీటర్ల పాలిమర్‌కి ఆ మొనలు చాలు, అక్కడే షార్టవుతుంది.

శుభ్రం చేసే వరస: ల్యాబు సబ్బు 2 శాతం ద్రావణం 50 డిగ్రీల దగ్గర, డీఅయనైజ్డ్ నీళ్ళు (లవణాలు తీసేసినవి) రెండుసార్లు, అసిటోను, ఐసోప్రొపైల్ ఆల్కహాలు. ఒక్కోటీ అల్ట్రాసోనిక్ తొట్టెలో 10 నిమిషాలు. తర్వాత నైట్రోజన్‌తో ఊది ఆరబెట్టాలి.

ఈ ప్రాంతంలో అసలు చిక్కు నీళ్ళ దగ్గరే వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఊళ్ళన్నీ చెరువు నిల్వ నీటి మీద నడుస్తాయి. తీరానికి దగ్గరగా బోరు వేస్తే ఉప్పునీరు. ఆర్ఓ నీళ్ళు తాగడానికి బాగుంటాయి గాని ఈ పనికి చాలవు. వాటిలో మిగిలిన లవణాలు పలక మీద ఆరి ఉంగరాల్లా గుర్తులు పడతాయి, ఆ గుర్తు మీద పాలిమర్ పల్చబడుతుంది. శుభ్రమైన గాజు మీద ఒక చుక్క వేసి 100 డిగ్రీల హాట్ ప్లేట్ మీద ఆరనిచ్చి టార్చి వెలుతురులో వాలుగా చూస్తే నీళ్ళ సంగతి తెలిసిపోతుంది. గుర్తు మిగలకూడదు. బజార్లో దొరికే బ్యాటరీ నీళ్ళలో కొన్ని డబ్బాలు ఈ పరీక్షకి నిలబడ్డాయి, కొన్ని నిలబడలేదు. అందుకే డబ్బా మార్చినప్పుడల్లా చుక్క పరీక్ష చేస్తున్నాం.

ఆఖరున 15 నిమిషాలు యూవీ-ఓజోన్. వాటర్ ఫిల్టర్లలో ఉండే యూవీ లాంపు చవగ్గా దొరుకుతుంది కదా అని చాలామంది దాన్ని వాడాలనుకుంటారు. వాటి గాజు 185 నానోమీటర్ల కిరణాలని మింగేస్తుంది, 254 మాత్రమే వదులుతుంది. 185 లేకపోతే ఓజోన్ పుట్టదు. లాంపు కొనేటప్పుడు ఓజోన్ ఇచ్చే క్వార్ట్జ్ రకమేనా అని అడిగి తీసుకోవాలి. పెట్టె మూత తీస్తే లాంపు ఆరిపోయేలా స్విచ్ పెట్టాలి, ఆ వెలుగు కళ్ళకి ప్రమాదం. పని సరిగా జరిగితే నీటి చుక్క పలక మీద బొట్టుగా నిలవకుండా పరుచుకుపోతుంది. ఆ తాజాదనం ఎక్కువసేపు ఉండదు, అరగంటలోపే మొదటి పొర వేసెయ్యాలి.

మే: జింక్ ఆక్సైడ్, పీఈఐఈ

జింక్ ఎసిటేట్ డైహైడ్రేట్ 1 గ్రాము, ఇథనోలమీన్ 0.28 గ్రాము, 2-మిథాక్సీఇథనాల్ 10 మిల్లీలీటర్లు. మూత పెట్టి రాత్రంతా గట్టిగా కలపాలి. 2-మిథాక్సీఇథనాల్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. సంతాన సామర్థ్యాన్ని, గర్భంలోని శిశువుని దెబ్బతీసే రసాయనం. ఫ్యూమ్ హుడ్, నైట్రైల్ గ్లవుజులు తప్పనిసరి. 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా వడకట్టి, స్పిన్ కోటర్‌లో (పలకని గిరగిరా తిప్పి ద్రావణాన్ని పల్చటి పొరగా పరిచే యంత్రం) 3000 ఆర్‌పీఎం మీద 40 సెకన్లు తిప్పి, 200 డిగ్రీల దగ్గర గంటసేపు గాలిలోనే కాల్చాలి. పొర సుమారు 40 నానోమీటర్లు వస్తుంది.

ఈ పొర ఒక్కటే మన గాలిని కోరుకుంటుంది. జింక్ ఎసిటేట్ ఆక్సైడ్‌గా మారే జలవిశ్లేషణకి గాలిలోని నీటి ఆవిరి సాయపడుతుంది. దీనికి నైట్రోజన్ పెట్టె అక్కర్లేదు. కాని సీసా మూత తరచూ తీస్తే ద్రావణం చిక్కబడి పొర మసకబారుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా చిన్న సీసాల్లో పంచుకోవాలి. ఇంకో సంగతి: హాట్ ప్లేట్ తెర మీద 200 చూపిస్తున్నా, ఏసీ గాలి నేరుగా తగిలితే గాజు పైభాగం 10, 15 డిగ్రీలు తక్కువలో ఉంటుంది. గాజు మీదే థర్మోకపుల్ ఆనించి చూసుకుని, పైన పెట్రీ డిష్ బోర్లించాం.

పీఈఐఈ నీళ్ళలో సుమారు 37 శాతం ద్రావణంగా వస్తుంది. అందులో 0.1 గ్రాముకి 9.15 గ్రాముల 2-మిథాక్సీఇథనాల్ కలిపితే 0.4 శాతం అవుతుంది. 5000 ఆర్‌పీఎం, 1 నిమిషం. తర్వాత 100 డిగ్రీలు, 10 నిమిషాలు. కొన్ని నానోమీటర్ల ఈ పొర ఉపరితలం మీద ద్విధ్రువాలని నిలబెట్టి, ఎలక్ట్రాన్ బయటికి రావడానికి కావలసిన శక్తిని సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టు మేర తగ్గిస్తుంది. మొత్తం పరికరంలో ఇంత పల్చటి పొర ఇంత పని చెయ్యడం మరోచోట కనిపించదు. జింక్ ఆక్సైడ్ ఒక్కటే ఉన్న పలకలు ఆంపియరుకి 0.5 కాండెలా (వెలుగు తీవ్రతకి కొలమానం) దాటలేదు. పీఈఐఈ పూసినవి అదే పాలిమర్‌తో 3, 4 మధ్యకి వచ్చాయి. పొర మందమైతే మాత్రం అది అవాహకంలా అడ్డుపడుతుంది, వెలగడం మొదలయ్యే వోల్టేజి పైకి జరుగుతుంది. పసుపు ఫోటాన్ శక్తి 2.2 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి 2.2, 2.5 వోల్టుల దగ్గరే వెలుగు కనబడాలి. 4 వోల్టులు దాటాక గాని రాలేదంటే ముందు అనుమానించాల్సింది పీఈఐఈ మందాన్నే.

జూన్: తొలకరి, మసక పొరలు

సూపర్ ఎల్లో మిల్లీలీటరు టోలీన్‌కి 5 మిల్లీగ్రాములు. 60 డిగ్రీల దగ్గర రాత్రంతా కలిపితేగాని కరగదు. పొడవాటి గొలుసుల పాలిమర్ కాబట్టి చల్లారితే జిగురులా సాగుతుంది. 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా దూరదు, గోరువెచ్చగా ఉండగా 5 మైక్రాన్లదాంట్లో వడకట్టాలి. పొడి ఉన్న సీసాని ఫ్రిజ్ నుంచి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు. లేకపోతే గాలిలోని తేమ అంతా లోపలే చల్లబడి నీరవుతుంది.

వర్షాలు మొదలయ్యేదాకా పొరలు అద్దంలా వచ్చాయి. తొలకరి పడ్డాక అదే ద్రావణం, అదే 2000 ఆర్‌పీఎం, కాని పొర పాలు పోసినట్టు తెల్లగా. మైక్రోస్కోపు కింద పెడితే పొర నిండా గుండ్రటి గుంటలు, దాదాపు ఒకే సైజువి, పక్కపక్కనే పేర్చినట్టు కనిపించాయి. ఇవి దుమ్ము గుర్తులు కావు. దుమ్ము రేణువైతే తోకచుక్కలా ఒక వైపు గీత లాగుతుంది. ఈ గుంటలు నీటి బిందువుల అచ్చులు. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు మంచు బిందువు 28 డిగ్రీలు. అంటే ఏ ఉపరితలమైనా గాలి కంటే నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద నీరు పడుతుంది. తిరుగుతున్న పలక మీద టోలీన్ ఆవిరయ్యేటప్పుడు అంతకంటే ఎక్కువే చల్లబడుతుంది. చిన్న బిందువులు తడి పాలిమర్‌లో కూర్చుంటాయి, టోలీన్ పోయాక నీరు కూడా పోతుంది, గుంట మిగులుతుంది. దాని అడుగున పొర ఏ 20 నానోమీటర్లో ఉంటుంది. కరెంటంతా ఆ గుంటల గుండా పోతుంది, వెలుగు ఇవ్వదు. వెలుగు మొదలవ్వాల్సిన వోల్టేజికి ఎంతో ముందే, 1 వోల్టు దగ్గరే, కరెంటు మిల్లీ ఆంపియర్లలో కనిపిస్తే కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

మందు మూడు రకాలు, మూడూ కలిపి వాడాలి. టోలీన్ బదులు క్లోరోబెంజీన్ వాడితే 132 డిగ్రీల మరుగు స్థానం వల్ల నిదానంగా ఆవిరవుతుంది, పలక అంతగా చల్లబడదు. పలకని, ద్రావణాన్ని 50 డిగ్రీలకి వేడిచేసి పొయ్యాలి. స్పిన్ కోటర్ చుట్టూ గాలిలో తేమని 40 శాతం లోపుకి దించాలి. ఏసీ ఒక్కదానితో ఇది కుదరదు, ఎందుకంటే గాలి చల్లబడిన కొద్దీ సాపేక్ష తేమ పెరుగుతుంది. కరెంటు పోతే అరగంటలో మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే పెట్టె.

జులై, ఆగస్టు: నైట్రోజన్ పెట్టె

8 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటుతో 60, 45, 45 సెంటీమీటర్ల పెట్టె, రబ్బరు గాస్కెట్ ఉన్న తలుపు, రెండు చేతి రంధ్రాలు. లోపలి గాలి 121 లీటర్లు. సరిగా కలిసే వాయువుని ఒక పెట్టెడు పంపితే పాత గాలిలో 37 శాతం మిగులుతుంది. 5 పెట్టెలకి 0.7 శాతం మిగులుతుంది, అంటే ఆక్సిజన్ 1400 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 1400). 10 పెట్టెలకి కాగితం మీద 10 పీపీఎం. దానికి 1.2 ఘనపు మీటర్ల నైట్రోజన్ ఖర్చవుతుంది. 7 ఘనపు మీటర్ల సిలిండరు ఐదారుసార్లకి వస్తుంది. నిమిషానికి 10 లీటర్లు వదిలితే ఒక్కోసారికి రెండు గంటలు. మూసిన గదిలో ఇంత నైట్రోజన్ వదలడం ప్రాణాపాయం, పెట్టె నుంచి వచ్చే గొట్టాన్ని కిటికీ బయటికి తీసుకెళ్ళాలి.

ఆక్సిజన్ లెక్కకి దగ్గరగానే దిగింది. తేమ మాత్రం ఎంతకీ దిగదు. ఎందుకో లెక్కేస్తే అర్థమవుతుంది. ఈ కాలంలో ఘనపు మీటరు గాలిలో నీరు 27 గ్రాములు. పెట్టెలో గాలి 0.12 ఘనపు మీటరు, కాబట్టి నీరు 3.3 గ్రాములు. కాని యాక్రిలిక్ గోడలు 14 కిలోల బరువు. యాక్రిలిక్ నీరు పీల్చే ప్లాస్టిక్, తేమలో నానితే బరువులో 1, 2 శాతం దాకా పట్టుకుంటుంది. 1 శాతం అనుకున్నా 140 గ్రాములు. గాలిలో ఉన్నదానికి 40 రెట్ల నీరు గోడల్లోనే దాక్కుని మెల్లగా బయటికొస్తూ ఉంటుంది. దాన్ని నైట్రోజన్ ఊది తరమాలంటే సిలిండర్లకి అంతుండదు.

పరిష్కారం మాలిక్యులర్ సీవ్, అంటే నీటి అణువులని పట్టి ఉంచే సూక్ష్మ రంధ్రాల గుళికలు. 3 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) రకం 1 కిలో, అడుగున జల్లెడ ఉన్న ట్రేలో పోసి, 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను దాని గుండా గాలిని నిరంతరం తిప్పేలా పెట్టాం. కిలో సీవ్ దాదాపు 200 గ్రాముల నీరు పడుతుంది. తడిశాక 250 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. సిలికా జెల్ చవకే గాని తేమ బాగా తగ్గాక దాని పట్టు సడలుతుంది. తలుపు ఎప్పుడూ పూర్తిగా తెరవకుండా పలకలు లోపలికి పంపడానికి పక్కన చిన్న అర, రెండు తలుపులతో, కట్టుకున్నాం. పని లేని రోజుల్లో కూడా ఫ్యాను నడుస్తూనే ఉండాలి, అప్పుడే గోడలు ఎండుతాయి. లేటెక్స్ గ్లవుజుల గుండా తేమ దూరుతుంది, బ్యుటైల్ రబ్బరువి ఖరీదైనా అవే కావాలి. తేమ సెన్సారుగా డీహెచ్‌టీ11 పనికిరాదు, అది 20 శాతం కిందికి చూడలేదు. ఎస్‌హెచ్‌టీ31 పెట్టాం. దాని రీడింగుని 5 శాతం కింద మేము నమ్మం, ‘5 లోపు’ అని మాత్రమే రాసుకుంటాం.

పాలిమర్ పూసే చోట లైటుకి నారింజ రంగు సెల్లోఫేన్ చుట్టాలి. ఈ పాలిమర్ నీలి కాంతిని పీల్చుకుంటుంది. ఆ స్థితిలో ఆక్సిజన్ తగిలితే గొలుసులు తెగిపోతాయి, వెలిగే గుణం శాశ్వతంగా పోతుంది.

సెప్టెంబరు: లోహపు పూత, పంపు కష్టాలు

పాలిమర్ మీద మాలిబ్డినం ఆక్సైడ్ 10 నానోమీటర్లు, వెండి 100 నానోమీటర్లు, శూన్యంలో ఆవిరి పట్టించాలి. 2 మిల్లీమీటర్ల వెడల్పు చీలికలున్న స్టీలు మాస్కు అడ్డంగా పెడితే ఒక్కో పిక్సెల్ (విడిగా వెలిగే గడి) 3 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు, వైశాల్యం 0.06 చదరపు సెంటీమీటరు. శూన్యం 10 మైనస్ ఐదో ఘాతం మిల్లీబార్ దగ్గరికి రాకుండా మొదలుపెట్టకూడదు. ఆక్సైడ్‌ని సెకనుకి ఆంగ్‌స్ట్రామ్ లోపు వేగంతో నెమ్మదిగా వెయ్యాలి. పొడి ఒక్కసారిగా వేడెక్కితే గింజలు చిట్లి పాలిమర్‌లో గుచ్చుకుంటాయి.

వర్షాకాలంలో చాంబరు తెరిస్తే గోడలకి నీటి ఆవిరి పట్టి, మళ్ళీ శూన్యం రావడానికి మామూలు కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. చాంబరులోకి గది గాలి కాకుండా పొడి నైట్రోజన్ వదిలి తెరవాలి, తెరిచి ఉంచే సమయం తగ్గించాలి. రోటరీ పంపు నూనె అద్దంలోంచి చూస్తే మజ్జిగలా తెల్లబడి ఉంటుంది. అది నూనెలో కలిసిన నీరు, అలా ఉన్న పంపు ఎంత తిప్పినా లోతైన శూన్యం ఇవ్వదు. గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి కొద్దిగా గాలి వదిలే వాల్వు) తెరిచి పంపు వేడెక్కాక అరగంట నడిపితే నీరు ఆవిరై పోతుంది. అయినా తేరుకోకపోతే నూనె మార్చాల్సిందే. ఈ చిన్న పని వదిలేసి పాలిమర్‌ని అనుమానించి వారాలు వృథా చేసుకునే ల్యాబులు చాలా ఉంటాయి.

కొలత

సామర్థ్యం పెరిగిందనడానికి ముందు కొలత నమ్మదగ్గదిగా ఉండాలి. 10 మిల్లీమీటర్ల చదరపు సిలికాన్ ఫోటోడయోడ్‌ని (వెలుగుని కరెంటుగా మార్చేది) పలక గాజు వైపు ఆనించి, 0 నుంచి 8 వోల్టుల దాకా 0.2 చొప్పున పెంచుతూ రెండు కరెంట్లూ రాసుకుంటాం. ఫోటోడయోడ్ కరెంటుని దాని స్పందనతో, పరికరం కరెంటుతో భాగించి, తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో 1240తో భాగించి గుణిస్తే సామర్థ్యం. ఉదాహరణకి పరికరం కరెంటు 1 మిల్లీ ఆంపియరు, డయోడ్ కరెంటు 10 మైక్రో ఆంపియర్లు, స్పందన వాటుకి 0.3 ఆంపియరు, తరంగదైర్ఘ్యం 560 అయితే వచ్చేది 1.5 శాతం.

ఇక్కడ మోసపోవడం తేలిక. గాజులో అడ్డంగా ప్రయాణించి అంచుల నుంచి వచ్చే వెలుగు డయోడ్‌లో పడితే సామర్థ్యం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. నాలుగు అంచులకీ నల్ల టేపు చుట్టాలి. గాజుకీ డయోడ్‌కీ మధ్య నూనె, జిగురు ఏదీ ఉండకూడదు, చిన్న గాలి సందు ఉండాలి. గదిలో వెలుతురు లేకుండా నల్ల పెట్టె. ఐటీఓ నిరోధాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి: క్లిప్పు నుంచి పిక్సెల్ దాకా ఐటీఓ పట్టీ పొడవు దాని వెడల్పుకి ఆరు రెట్లు, అంటే ఆరు చదరాలుంటే 90 ఓములు, 6 మిల్లీ ఆంపియర్ల దగ్గర అర వోల్టు పైగా అక్కడే పోతుంది. ఆంపియరు లెక్కలో ఇది కనిపించదు, వాటు లెక్కలో కనిపిస్తుంది. క్లిప్పు నుంచి పిక్సెల్ దాపు దాకా ఐటీఓ మీద వెండి పెయింటు గీత వేస్తే ఈ నష్టంలో ఎక్కువ భాగం తప్పుతుంది.

అక్టోబరు, నవంబరు: లోపలే ఉండిపోయిన వెలుగు

పొరలు నిలకడగా ఆంపియరుకి 4 కాండెలాల దగ్గర, అంటే సుమారు 1.3 శాతం దగ్గర స్థిరపడ్డాక నాలుగో సంఖ్య, అంటే బయటికొచ్చే కాంతి వాటా, మీదికి వచ్చాం. పాలిమర్ వక్రీభవన గుణకం 1.7 దాపున. అందులో పుట్టిన కిరణం నిలువు నుంచి 36 డిగ్రీల లోపు కోణంలో బయల్దేరితేనే గాలిలోకి వస్తుంది. మిగతాది కొంత పొరల్లో, కొంత గాజులో చిక్కుకుంటుంది. గాజులో చిక్కుకున్నదాన్ని బయటికి లాగడం తేలిక, ఎందుకంటే గాజు బయటి ముఖం మన చేతిలో ఉంది. 2002లో మోలర్, ఫారెస్ట్ ఆ ముఖం మీద సూక్ష్మ కటకాల పొర అంటించి ఒకటిన్నర రెట్లు వెలుగు తీశారు.

మొదట ఎంత చిక్కుకుని ఉందో తెలుసుకోవడానికి అర్ధగోళం గాజు కటకాన్ని పిక్సెల్ మీద నూనె చుక్కతో అంటిస్తాం. గాలి సందు లేకుండా వక్రీభవన గుణకం గాజుకి దగ్గరగా ఉన్న ద్రవం కావాలి. అంబాజీపేట కొబ్బరినూనె గుణకం 1.45, పర్వాలేదు గాని 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ గదిలో కటకం కింద తెల్లగా పేరుకుని వెలుగుని చెదరగొడుతుంది. ఆముదం గుణకం 1.48, గడ్డకట్టదు, చిక్కగా ఉండి కారిపోదు, ఫార్మసీ రకం తేటగా ఉంటుంది. గాజు గుణకం 1.52కి ఇది చాలినంత దగ్గర. అర్ధగోళంతో వచ్చేది గరిష్ఠం; గాజు ముఖం మీద ఏ పూత వేసినా దాన్ని దాటదు కాబట్టి తర్వాతి పనులన్నిటికీ అదే కొలబద్ద.

తర్వాత పీడీఎంఎస్ (పారదర్శకమైన సిలికోన్ రబ్బరు) పొర. బేస్, క్యూరింగ్ ద్రవం 10కి 1 పాళ్ళలో కలిపి, శూన్యంలో బుడగలు తీసేసి, గుంటల అచ్చు మీద పోసి 65 డిగ్రీల దగ్గర రెండు గంటలు గట్టిపరచాలి. దీని గుణకం 1.41, గాజు కంటే తక్కువ. గాజు నుంచి నేరుగా గాలిలోకైతే 41 డిగ్రీల దగ్గరే దారి మూసుకుపోతుంది, గాజు నుంచి దీనిలోకైతే 68 డిగ్రీల దాకా దారి ఉంది. అంత లాభం చాలు. అచ్చుకి తామరాకుని ప్రయత్నించాం. దాని మీది బొడిపెలు సుమారు 10 మైక్రాన్ల సైజులో ఉంటాయి. ఆకు మీద పోస్తే బొడిపెకి గుంట వస్తుంది, గుంటలైనా కాంతి దారి మారుస్తాయి. ఆకు 65 డిగ్రీలకి ముడుచుకుపోతుంది కాబట్టి గది వేడిలో ఒకటి రెండు రోజులు వదిలెయ్యాలి, నీరు బుడగలుగా పైకి రాకుండా ముందు ఆకుని అద్దకం కాగితాల మధ్య ఆరబెట్టాలి. కొలతలో అర్ధగోళం ఇచ్చిన లాభంలో సగం దాకా ఈ పొర ఇచ్చింది. పిక్సెల్ 3 మిల్లీమీటర్లే అయినా పొర దాని చుట్టూ ఇంకో 5 మిల్లీమీటర్లు ఉండాలి, చిక్కుకున్న వెలుగు పిక్సెల్ పక్కన కూడా పైకి వస్తుంది. అలా వచ్చినదంతా డయోడ్ మీద పడుతోందా అని చూసుకోకుండా అంకె రాయకూడదు.

డిసెంబరు: మూత, నల్ల మచ్చలు

బయట పెట్టిన పరికరంలో కొన్ని గంటల్లోనే గుండ్రటి నల్ల మచ్చలు పుట్టి పెరుగుతాయి. ఇక్కడ ఒక మంచి పరీక్ష ఉంది. పరికరాన్ని ఆపి, 365 నానోమీటర్ల యూవీ టార్చి గాజు వైపు నుంచి వెయ్యాలి. మచ్చ ఉన్న చోట కూడా పాలిమర్ పసుపుగా మెరిస్తే పాలిమర్ బాగానే ఉంది, దాని మీది లోహం ఊడివచ్చిందన్నమాట. వెండిలో దుమ్ము వల్ల పడ్డ సూదిమొన రంధ్రం గుండా నీరు దూరి పొరల మధ్య పాకింది. మెరవకపోతే పాలిమర్ చచ్చిపోయింది, ఆక్సిజన్ని, వెలుతురుని అనుమానించాలి. మా పలకల్లో ఎక్కువ మచ్చలు మెరిశాయి. మార్గశిరంలో కోతలు, కుప్పలు, మిల్లుల ఊక దుమ్ము గాలినిండా ఉంటాయి. లోహపు పూత ముందు పలకని నైట్రోజన్‌తో ఊదే తుపాకీకి 0.2 మైక్రాన్ల ఫిల్టరు తగిలించాక మచ్చలు తగ్గాయి.

మూతకి 1 మిల్లీమీటరు గాజు, యూవీకి గట్టిపడే ఎపాక్సీ. మూత గాజుని 120 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి పెట్టెలోకి పంపాలి, లోపలి వైపు డెసికెంట్ (తేమ పీల్చే) బిళ్ళ అంటించాలి. ఎపాక్సీని అంచు చుట్టూనే గీతలా వెయ్యాలి, పిక్సెల్ మీదికి పారకూడదు. యూవీ వేసేటప్పుడు పిక్సెళ్ళని అల్యూమినియం రేకుతో కప్పాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు ట్యూబుల జిగురు వాడొద్దు, అందులోని అమీన్లు ఆరేటప్పుడు లోపలికి చేరి పొరలని పాడుచేస్తాయి. ఏళ్ళ తరబడి బతకాల్సిన తెరలకి రోజుకి చదరపు మీటరుకి గ్రాములో పది లక్షలో వంతు నీరు మాత్రమే చొరబడే మూత కావాలంటారు. ఈ ఎపాక్సీ అంచు దానికి ఎక్కడా దగ్గరకి రాదు. డెసికెంట్ ఉన్నంతకాలం కొలతలకి సరిపడా నిలబడుతుంది, మా పనికి అది చాలు.

జనవరి: తర్వాతి మెట్టుకి ముందు

రెండో సంఖ్యని, నాలుగో వంతు గీతని, దాటాలంటే ట్రిప్లెట్లని వాడుకునే పదార్థం కావాలి. 1998లో ఫారెస్ట్, థాంప్సన్ బృందం ప్లాటినం ఉన్న ఫాస్ఫోరెసెంట్ (ట్రిప్లెట్ల నుంచే వెలిగే) అణువుతో ఆ దారి తెరిచింది. 2012లో అడాచి బృందం లోహమే లేని 4సీజెడ్‌ఐపీఎన్ అనే అణువుతో, సీబీపీ అనే ఆధార పదార్థంలో 5 శాతం కలిపి, 19 శాతం బాహ్య సామర్థ్యం చూపింది. ఈ అణువులో ట్రిప్లెట్లు తిరిగి సింగ్లెట్లుగా మారి వెలుగుతాయి. అలా మారడానికి మైక్రోసెకన్లు పడుతుంది, ఆ వ్యవధిలో ఆక్సిజన్ తగిలితే ట్రిప్లెట్ శక్తి దానికి పోతుంది. సూపర్ ఎల్లోకి సరిపోయిన పెట్టె దీనికి సరిపోతుందని అనుకోవడానికి లేదు.

కాబట్టి ఆ అణువునే పెట్టెకి పరీక్షగా వాడబోతున్నాం. టోలీన్‌లో చిటికెడు కరిగించి, సగం నింపిన గాజు సీసాని పెట్టెలో మూత తీసి ఉంచి, నైట్రోజన్ గొట్టం ద్రవంలో ముంచి బుడగలు పంపాలి. గాలి కలిసి ఉన్నప్పుడు యూవీ టార్చి కింద మసకగా మెరిసే ద్రవం, ఆక్సిజన్ పోయే కొద్దీ ప్రకాశం పెంచుకుంటుంది. ఫోటోడయోడ్ పక్కన పెట్టి ఆ పెరుగుదలని రాసుకోవచ్చు. బుడగలు ఆపి, మూత తెరిచే ఉంచితే పెట్టె గాలి మళ్ళీ ద్రవంలో కలుస్తుంది. అప్పుడు ప్రకాశం ఎంత దిగితే పెట్టెలో ఆక్సిజన్ అంత మిగిలి ఉన్నట్టు. దిగుదల ఫోటోడయోడ్ రీడింగులో 5 శాతం లోపు ఉండేదాకా గాస్కెట్లు, గ్లవుజుల కీళ్ళు సబ్బు నురగతో వెతికి బిగిస్తాం. ఆ తర్వాతే సీబీపీ తూకం వేస్తాం.